కాలేజీ పేరుకి నెలనెలా 17,840

ఈఏపీసెట్ ర్యాంకు వచ్చేసింది. చేతిలో రెండు సీట్లున్నాయి. ఒకటి దగ్గర్లోని కాలేజీలో కన్వీనర్ కోటా సీటు. రెండోది హైదరాబాద్‌లోనో చెన్నైలోనో బాగా పేరున్న ప్రైవేటు యూనివర్సిటీలో. మొదటిది చెప్తే చుట్టాలు ‘ఓహో’ అని ఊరుకుంటారు. రెండోది చెప్తే ‘అబ్బో’ అంటారు. ఆ ‘అబ్బో’ ఖరీదెంతో ఈ వారం లెక్కేద్దాం.

ఫీజు, హాస్టల్ కలిపి ఏటా రెండున్నర లక్షలు బ్యాంకు లోను తీసుకున్నారనుకోండి (చాలాచోట్ల ఇంతకంటే ఎక్కువే అవుతుంది). నాలుగేళ్లకి 10 లక్షలు. వడ్డీ 10 శాతం వేసుకుందాం. చదువయ్యాక ఇంకో ఏడాది దాకా ఏమీ కట్టక్కర్లేదంటారు. నిజమే. కానీ వడ్డీ మాత్రం డబ్బు ఇచ్చిన రోజు నుంచే నడుస్తుంటుంది. ఆ ఐదేళ్లలో మూడున్నర లక్షల వడ్డీ చేరి అప్పు 13.5 లక్షలవుతుంది. దాన్ని పదేళ్లలో తీర్చాలంటే ఈఎంఐ దాదాపు 17,840. మొత్తం కట్టేది 21 లక్షలు దాటుతుంది.

పెద్ద ఐటీ సర్వీసు కంపెనీలు మామూలు ఫ్రెషర్‌కి ఏడాదికి మూడున్నర లక్షల చుట్టూనే ఇస్తున్నాయి. చేతికొచ్చేది నెలకి పాతిక వేలకి అటూ ఇటూ. ఈఎంఐ పోగా మిగిలిన ఏడు వేలు హాస్టల్‌కి కట్టేస్తే వీకెండ్ బిర్యానీకి ఇంట్లో అడుక్కోవాల్సిందే.

‘అక్కడ 40 లక్షల ప్యాకేజీ వచ్చిందట కదా’ అంటారా? వచ్చే ఉంటుంది, ఒకరికి. హోర్డింగ్ మీద ఫొటో కూడా ఆ ఒక్కరిదే. మీరు చూడాల్సింది మీడియన్ జీతం. అంటే ఉద్యోగం వచ్చినవాళ్లని జీతాల వరసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉండేవాళ్ల జీతం. ర్యాంకింగ్‌కి దరఖాస్తు చేసిన కాలేజీలు ఇచ్చిన ఈ అంకె ఎన్‌ఐఆర్‌ఎఫ్ వెబ్‌సైట్లో ఉంటుంది, ఎవరైనా చూడొచ్చు. ఉద్యోగం రానివాళ్లు ఆ వరసలో అసలు ఉండరని మర్చిపోకండి.

రెండు కాలేజీల మీడియన్‌కీ పెద్ద తేడా ఉంటే, ఆ తేడా ఈఎంఐని మోయగలిగితే, వెళ్లండి. లేదంటే కన్వీనర్ సీటే మేలని నా ఉద్దేశం. దానికి అర్హత ఉంటే ఫీజు రీయింబర్స్‌మెంట్ కూడా వస్తుంది (బకాయిల గొడవ సంగతి వేరే!). మేనేజ్‌మెంట్ కోటాకి అది వర్తించదు.

ఐఐటీ, ఎన్‌ఐటీ వస్తే మాత్రం ఈ లెక్క వేరు. అక్కడ ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకి ట్యూషన్ ఫీజు లేదు. కుటుంబ ఆదాయం లక్షలోపు ఉన్నవాళ్లకీ అంతే. 5 లక్షలలోపు ఉంటే మూడింట రెండొంతులు మాఫీ. ఫీజు చూసి భయపడి వదులుకోకండి.

ఇప్పుడు రాకపోయినా దారి మూసుకుపోలేదు. మామూలు కాలేజీలో బీటెక్ చేసి, గేట్ రాసి ఐఐటీలో ఎంటెక్‌కి వెళ్లేవాళ్లున్నారు. అప్పుడు నెలకి 12,400 స్టయిపెండ్ వాళ్లే ఇస్తారు.

ఇంట్లో పైకి అనని మాట ఇంకొకటుంది. పెద్ద లోనుకి బ్యాంకు ఇంటి కాగితాలో పొలం కాగితాలో అడగొచ్చు. రెండేళ్లాగితే చెల్లి ఇంటర్ అయిపోతుంది. అప్పటికి ఆ కాగితాలు బ్యాంకులోనే ఉంటాయి. ‘ఆడపిల్లకి ఇక్కడి డిగ్రీ చాల్లే’ అనే మాట చాలా ఇళ్లలో ఇలాగే మొదలవుతుంది. నాన్నతో లోను గురించి మాట్లాడేటప్పుడు చెల్లిని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి.

ఆప్షన్లు ఫ్రీజ్ చేసేలోపు ఇంకో పని ఉంది. ఆ కాలేజీ ఫైనలియర్ వాళ్లు ఇన్‌స్టాలో దొరుకుతారు. మీ బ్రాంచ్ వాళ్లనే ఇద్దర్ని పట్టుకుని, క్యాంపస్ బాగుందా అని కాకుండా, సెక్షన్‌లో ఎంతమందికి ఆఫర్ లెటర్ వచ్చిందో అడగండి.