మట్టికి మూడేళ్లు, కౌలుకు పదకొండు నెలలు



పోయిన వీడియోలో జీవామృతం ఎలా కలపాలో చూపించాను. అది చూసి ఫోన్ చేసినవాళ్లలో చాలామంది ఒకే మాట అడిగారు. "అన్నా, మాది కౌలు పొలం. మాకిది పనికొస్తుందా?" ఫోన్లో రెండు ముక్కల్లో తేల్చే విషయం కాదు గనక ఇక్కడ రాస్తున్నా.

నేను వ్యవసాయ పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేశాను. ఎకరాకు ఎన్ని కట్టల యూరియా, ఎప్పుడెప్పుడు చల్లాలి అనేదే అక్కడ బాగా వంటబట్టింది. ఇప్పుడు తెనాలి దగ్గర సొంత నిమ్మతోట ఎకరంన్నర ప్రకృతి సేద్యంలో ఉంది. బియ్యం, మినప్పప్పు అమ్మే చిన్న వ్యాపారం కూడా ఉంది. అంటే చేసేవాణ్ణీ నేనే, అమ్మేవాణ్ణీ నేనే. రెండు వైపులా చూసి చెబుతున్నా.

ముందు సూత్రాలు. బీజామృతంతో విత్తనశుద్ధి, జీవామృతంతో నేలలో సూక్ష్మజీవుల్ని పెంచడం, నేలను ఎప్పుడూ ఏదో ఒక ఆకుతోనో గడ్డితోనో కప్పి ఉంచే ఆచ్ఛాదన, వేరుకి తేమతోపాటు గాలి కూడా అందించే వాఫస. ఎకరాకు 200 లీటర్ల నీళ్లలో 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టుమన్ను. ఇంతే. ఇది ఎరువు కాదు, పెరుగు చేయడానికి వేసే తోడు లాంటిది. పాలు లేకుండా తోడు వేస్తే ఏం పేరుకుంటుంది? నేలలో సేంద్రియ పదార్థం ఉంటేనే జీవామృతానికి పని దొరుకుతుంది. ఆ పదార్థం ఒక్క పంటలో రాదు.

మన మూడు ప్రాంతాల్లో ఇది మూడు రకాలుగా కనిపిస్తుంది. తెనాలి వైపు నల్లరేగడి మాగాణి. వరి కోశాక గడ్డి తగలబెట్టకుండా వదిలి, దున్నకుండానే మినుమో మొక్కజొన్నో పెడితే ఆచ్ఛాదన దానంతటదే వస్తుంది. బాపట్ల వైపు ఇసుక నేలల్లో నీళ్లూ నిలవవు, వేసిన ఎరువూ నిలవదు. అక్కడ నేలలో ఆకూ అలమూ కలిపితే తేడా త్వరగా తెలుస్తుంది. రేపల్లె కాలువ చివరి భూములకు ఉప్పు బాధ. అక్కడ జీలుగ చౌడును తట్టుకుని పెరుగుతుంది. కాలువలు వదలక ముందే చల్లి, పూతకొచ్చే సమయంలో కలియదున్నితే నేల గుల్లబారుతుంది.

లాభాల్లో కూడా నిజం చెప్పుకుందాం. 45 కిలోల యూరియా కట్ట సబ్సిడీ ధర 266 రూపాయల 50 పైసలు. యూరియా మానేసినందువల్ల మిగిలేది పెద్ద మొత్తం కాదు. అసలు మిగిలేది పురుగుమందుల దగ్గర. మన బాపట్లలోనే పుట్టిన సాంబ మసూరి, అదే బీపీటీ 5204, తినడానికి ఎంత బాగుంటుందో దోమకి అంత లొంగుతుంది. నత్రజని ఎక్కువైతే పైరు నల్లగా ఏపుగా పెరిగి, దోమపోటు ఇంకా ముదురుతుంది. యూరియా తగ్గిస్తే ఒకటి రెండు స్ప్రేలు తప్పుతాయి. డబ్బూ మిగులుతుంది, కొట్టేవాడి ఒళ్లూ బాగుంటుంది.

ఇక అసలు సంగతికొస్తా. రేపల్లె వైపు మూడెకరాలు కౌలుకి తీసుకున్నా. ఎకరాకు 15 బస్తాలు కౌలు. మొదటి ఏడాది 24 బస్తాలే అయింది. పక్క మడిలో 32. ఆసామికి ఇద్దరి దగ్గరా 15 బస్తాలే ముట్టాయి. పక్కాయనకి 17 మిగిలితే నాకు 9. పెట్టుబడి తక్కువైనా ఆ తేడా పూడలేదు. రెండో ఏడాది 27 అయింది. మట్టిలో వానపాములు కనపడ్డాయి, నీళ్లు తీశాక మడి గట్టిగా బిగుసుకోవడం తగ్గింది. సరిగ్గా అప్పుడు ఆసామి కబురు చేశాడు. "ఏం అబ్బాయ్, నేల బాగుపడిందంటగా. ఈసారి 18 బస్తాలు చెయ్యరాదూ?" కుదరదన్నా. పొలం వేరేవాళ్లకి వెళ్లింది. నేను రెండేళ్లు పోసిన ఘనజీవామృతం, కలియదున్నిన జీలుగ అక్కడే ఉండిపోయాయి.

ఆయన్ని తిట్టడానికి చెప్పట్లేదు. లెక్క ఎక్కడ తప్పుతుందో చెబుతున్నా. నేల కోలుకునే కాలంలో నష్టమంతా కౌలు రైతుది. కోలుకున్నాక లాభం భూమి గలవాడిది.

సర్టిఫికెట్ సంగతీ ఇంతే. ఎన్‌పీఓపీ నిబంధనల ప్రకారం ఏడాది పంటలకు విత్తే ముందు కనీసం రెండేళ్లు, నిమ్మలాంటి బహువార్షిక పంటలకు కోతకు ముందు కనీసం మూడేళ్లు నేల మార్పు దశలో ఉండాలి. ఆ లెక్క నేలకి, మనిషికి కాదు. పొలం మారితే మళ్లీ మొదటి నుంచీ. నా దుకాణానికి వచ్చేవాళ్లు "సర్టిఫికెట్ ఉందా?" అంటారు. సొంత భూమి ఉన్నవాడే ఉందనగలడు.

ప్రభుత్వం ఏమీ చేయలేదనను. 2016లో రైతు సాధికార సంస్థ మొదలుపెట్టిన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం 2024లో పోర్చుగల్ గుల్బెంకియన్ బహుమతి దాకా వెళ్లింది. మనందరికీ గర్వమే. కానీ 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చిన కార్డుకి గడువు పదకొండు నెలలు, దానికీ యజమాని ఒప్పుకోవాలి. ఆ చట్టం ఇచ్చేది పంట మీద హక్కే, భూమి మీద కాదు. అయినా కాగితం అంటే ఆసాములకు భయం పోలేదు. ప్రకృతి సేద్యం చేసే కౌలు రైతుకి ఆ గడువు మూడేళ్లు చేయాలని నా అభిప్రాయం.

చట్టం మారేదాకా ఆగక్కర్లేదు. ఆసాములకు నా మనవి: మూడేళ్లకు ఒకే కౌలు మాట్లాడుకుని కాగితం మీద రాయండి. మొదటి ఏడాది రెండు బస్తాలు తగ్గించండి, మూడో ఏడాది ఆ రెండూ కలిపి తీసుకోండి. మీకు నష్టం లేదు, పైగా మీ భూమే బాగుపడుతుంది. మధ్యలో పొలం వెనక్కి తీసుకుంటే నేలకి పెట్టిన ఖర్చు తిరిగివ్వండి.

కౌలు రైతులకూ ఒక మాట. మొత్తం పొలంలో ఒకేసారి ఎరువులు ఆపొద్దు. 2021లో శ్రీలంక దేశమంతా ఒక్కసారిగా రసాయన ఎరువులు ఆపి, ఆ ఏడాది నవంబరులోనే వెనక్కి తగ్గింది. మీరు అర ఎకరంతో మొదలుపెట్టండి. మిగతా పొలంలో పురుగుమందులు తగ్గించండి, గడ్డి కాల్చకండి, కాలువ నీళ్లకు ముందు జీలుగో పిల్లిపెసరో చల్లండి. ఒక్క ఏడాది కౌలులో కూడా ఇవి గిట్టుబాటే.

కౌలు పొలానికి ప్రకృతి సేద్యం పనికొస్తుందా అంటే, నేలకి పనికొస్తుంది. కౌలు రైతుకి పనికిరావాలంటే మాత్రం ముందు ఆసామీ కౌలుదారూ కూర్చుని మాట్లాడుకోవాలి. ఈసారి ఉగాదికి కౌలు మాటలు జరిగేటప్పుడు ఈ మూడేళ్ల మాట కూడా ఎత్తండి.