పాపం నాది, సిగ్గు వాడిది

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని తమ్ముళ్ళు ఫోన్ చేసినప్పుడు, ఎప్పటిలాగే క్రమశిక్షణ గురించో, పట్టుదల గురించో రెండు పేజీలు రాద్దామనుకున్నాను. పాత సంచికల్లో అలాంటివి చాలా ఉన్నాయి. వాటిలో రెండు నేను రాసినవే. ఈసారి పాపం గురించి, సిగ్గు గురించి, రక్షణ గురించి రాస్తున్నాను. నేనున్న రోజుల్లో ఆదివారం వస్తే మనలో సగానికి పైగా ప్రార్థనకు పోయేవాళ్ళం కాబట్టి ఈ మాటలు కొత్తవేం కాదు. ప్రార్థనకు పోనివాళ్ళు కూడా చదవవచ్చు. ఇందులో ఒక దొంగతనం ఉంది.

1996లో నేను తొమ్మిదో తరగతి. ఒకరోజు సాయంత్రం అందరూ స్టడీ అవర్‌లో ఉండగా, నా పక్కవాడి ట్రంకు పెట్టెలోంచి నలభై రూపాయలు తీశాను. వాళ్ళమ్మ పొగాకు గ్రేడింగు పనికి పోయి కూడబెట్టి పంపిన డబ్బు అది. చెప్పులు కొనుక్కుందామని తీశాను. బడిలో "స్కాలర్‌షిప్పు పిల్లలు లేచి నిలబడండి" అన్నప్పుడల్లా నా చూపు నా ఉత్త కాళ్ళ మీదికే పోయేది. తీరా చెప్పులు కొనలేదు. కొంటే పట్టుబడతానని భయమేసింది. సినిమా చూశాను, మిగిలింది తినేశాను.

అనుమానం ఎనిమిదో తరగతి పిల్లవాడి మీద పడింది. సాక్ష్యమేమీ లేదు. మా అందరిలోకీ వాడి చొక్కా ఎక్కువ చిరిగి ఉండేది, అంతే. పెద్ద పిల్లలు కొందరు భోజనాల వేళ వాడిని అందరి మధ్యా నిలబెట్టి, వాడి పెట్టె బోర్లించారు. ఒక సబ్బు ముక్క, కొబ్బరినూనె సీసా, నాలుగు పుస్తకాలు కింద పడ్డాయి. నేను పళ్ళెం ముందు పెట్టుకుని వరసలో కూర్చునే ఉన్నాను. సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయినవాడు మళ్ళీ హాస్టలుకు రాలేదు.

ఆ వేసవిలో మా ఊళ్ళో ఉజ్జీవ కూటాలు పెట్టారు. పాపులైనవాళ్ళు ముందుకు రండి అని దైవజనుడు పిలిచినప్పుడు మొదట లేచింది నేనే. మోకాళ్ళ మీద పడి వెక్కి వెక్కి ఏడ్చాను. దేనికి ఏడ్చానో తర్వాత ఎన్నో ఏళ్ళకు గానీ నాకు తెలియలేదు. చెప్పుల్లేని కాళ్ళకు ఏడ్చాను. మా నాన్న తాగి బజార్లో పడిపోయినందుకు ఏడ్చాను. క్లాసులో లేచి నిలబడినందుకు ఏడ్చాను. అవన్నీ నా పాపాలే అనుకుని క్షమించమని అడిగాను. నలభై రూపాయలు నాకు గుర్తుకే రాలేదు! గుండె తేలికైంది. రక్షణ పొందానని అందరికీ సాక్ష్యం చెప్పుకున్నాను.

మన మందిరాల్లో పాపాన్నీ సిగ్గునీ ఒకే మూటలో కట్టేస్తున్నారని నా అభిప్రాయం. పాపం మనం చేసేది. సిగ్గు చాలాసార్లు ఎదుటివాళ్ళు మన మీద వేసేది. పేదరికం, పరీక్ష తప్పడం, నల్లటి ఒళ్ళు, తాగుబోతు తండ్రి, ఇవి పాపాలు కావు. యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయంలో పుట్టు గుడ్డివాణ్ణి చూసి శిష్యులు ఏమడిగారో గుర్తు తెచ్చుకోండి. వీడు పాపం చేశాడా, వీడి తల్లిదండ్రులు చేశారా అని. ఎవరూ కాదన్నాడు యేసు. పన్నెండేళ్ళు రక్తస్రావంతో బాధపడిన స్త్రీ సంగతి చూడండి. ధర్మశాస్త్రం ప్రకారం ఆమె మైల. గుంపులో దొంగచాటుగా వచ్చి ఆయన వస్త్రం ముట్టుకుంది, బాగుపడింది. అంతటితో ఆమెను వెళ్ళిపోనివ్వచ్చు కదా? వెళ్ళనివ్వలేదు. నన్ను ముట్టిందెవరని ఆగి అడిగి, జనమంతా చూస్తుండగా కుమారీ అని పిలిచాడు. అందరి ముందూ పడిన మైలను అందరి ముందే తీసేశాడని నాకనిపిస్తుంది.

ఈ తేడా మన తాతముత్తాతలకు నాకంటే బాగా తెలుసు. ఒంగోలు ప్రాంతంలో తోళ్ళ వ్యాపారం చేసుకునే యెర్రగుంట్ల పేరయ్య 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. మాదిగలను చేర్చుకుంటే మేం రామని పై కులాలవాళ్ళు అన్నప్పుడు, జాన్ క్లౌ దొర మాదిగలనే చేర్చుకున్నాడు. 1876-78 కరువులో ఆయన బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళు కాంట్రాక్టు తీసుకుని జనానికి పని, కూలి చూపించాడు. కూడు కోసం మతంలోకి వస్తున్నారన్న మాట రాకూడదని కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. మళ్ళీ మొదలుపెట్టాక, 1878 జూలై 3న ఒక్కరోజే గుండ్లకమ్మలో 2,222 మంది మునిగి లేచారు.

గంజికి మారారని ఇప్పటికీ ఎగతాళి చేసేవాళ్ళున్నారు. వాళ్ళకు నా జవాబు ఇది. అప్పటిదాకా మనవాళ్ళను ఎవరూ పాపులని కూడా అనలేదు. అంటరానివాళ్ళన్నారు. పుట్టుకతో వచ్చిన మైలకు పశ్చాత్తాపం లేదు, ఎన్ని స్నానాలు చేసినా అది పోదు. నువ్వు పాపివి, ఊళ్ళో కరణమూ పాపే, నేనూ పాపినే అని ఒక తెల్లదొర అంటే, అది మనవాళ్ళకు తిట్టులా వినిపించి ఉండదు. పాపి అంటే తప్పు చేసిన మనిషి. మనిషైతే మారవచ్చు. ఆదాము నుంచి వచ్చిన జన్మపాపం మాటేమిటని మీరు అడగవచ్చు. అది కూడా ఊరికీ పల్లెకూ సమానంగా పంచినదే కదా. (ఇన్నేళ్ళయినా మాలలకొక మందిరం, మాదిగలకొక మందిరం కట్టుకుంటున్నామే, అది మాత్రం ఎవరో మన మీద వేసిన సిగ్గు కాదు. మనం చేస్తున్న పాపం.)

ఇక రక్షణ. అది కృప వల్ల, విశ్వాసం ద్వారా ఉచితంగా దొరుకుతుందని పౌలు రాశాడు. నేనూ నమ్ముతాను. కానీ ఆ ఉచితం అనే మాటను నేను పదిహేనేళ్ళు అడ్డం పెట్టుకున్నాను. దేవుడే క్షమించాక ఇక మనుషులతో పనేముంది అనుకున్నాను. సుంకరి జక్కయ్య అలా అనుకోలేదు. యేసు ముందు అతని ఇంటికి వెళ్ళాడు, తర్వాతే అతను డబ్బు మాట ఎత్తాడు. కాబట్టి అది రక్షణకు కట్టిన ఫీజు కాదు. కానీ డబ్బు మాట ఎత్తాడు. అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు తిరిగిస్తానన్నాడు.

సిలువ కూడా నాకు ఇప్పుడు వేరేగా కనిపిస్తుంది. రోమావాళ్ళు దాన్ని బానిసలకు, తిరుగుబాటుదార్లకు వేసే శిక్షగా వాడారు. చంపడం ఒక్కటే వాళ్ళ ఉద్దేశం కాదు, బట్టలు ఊడదీసి ఊరి బయట నలుగురూ చూసేలా నిలబెట్టడం. పాపం చేయనివాడు సిగ్గును భరించాడని మందిరంలో చెప్పినప్పుడల్లా నాకు మన భోజనాల హాలు, బోర్లించిన పెట్టె గుర్తుకొస్తాయి. ఆ హాల్లో ప్రభువు ఎవరి పక్కన నిలబడి ఉంటాడో నాకు తెలుసు. నా పక్కన కాదు.

2011లో నూట అరవై రూపాయలు పట్టుకుని నా పక్కవాడి దగ్గరికి పోయాను. వాడు నవ్వి, టీ తాగించి పంపాడు. రెండోవాడి దగ్గరికి పోవడానికి ఇంకో నాలుగు నెలలు పట్టింది. తాపీ పని చేస్తున్నాడు. సగం లేచిన గోడ దగ్గర నిలబడి మొత్తం చెప్పాను. పని ఆపలేదు. రెండు ఇటుకలు పెట్టాక అన్నాడు.

"మా అమ్మ పోయి మూడేళ్ళయిందన్నా. నేనే తీశానని అనుకుంటూనే పోయింది."

నాకు మాట రాలేదు. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు.

"నాకు చెబితే ఏం లాభం? నేను తీయలేదని నాకు అప్పుడే తెలుసు. ఆరోజు హాల్లో కూర్చున్నోళ్ళకి చెప్పు" అన్నాడు.

దానికి కూడా ఇన్నేళ్ళు పట్టింది. ఆరోజు హాల్లో ఉన్న అన్నలకు, తమ్ముళ్ళకు ఈ సంచిక చేరుతుందని తెలిసి రాస్తున్నాను. నేనెవరో 1998 పదో తరగతి బ్యాచ్ వాళ్ళకు చెప్పక్కర్లేదు. ఆ నలభై రూపాయలు తీసింది వాడు కాదు. నేను.