పసుపు లేనోడికి పసుపు ఫ్యూచర్స్ ఎందుకు?

తమ్ముళ్లూ, ఈ పోస్టు మీ కోసమే. పంట పైసలు చేతికి రాగానే ఫోన్ల నిండా ప్రకటనలు. "ఫ్యూచర్స్ నేర్చుకోండి, ఇంట్లో కూర్చొని సంపాదించండి" అంటారు. పసుపు గురించి మీకు పుట్టుకతోనే తెల్సు కాబట్టి పసుపు ఫ్యూచర్స్‌లో మీదే గెలుపని ఉబ్బిస్తారు. ఈ మాట విన్నప్పుడల్లా ఒళ్లు మండుతది.

అసలు ఫ్యూచర్స్ అంటే ఏంది? ఫలానా నెలలో ఫలానా ధరకు సరుకు ఇస్తా, లేదా కొంటా అని ఇవ్వాళే చేసుకునే ఒప్పందం. ఎన్‌సీడీఈఎక్స్‌లో పసుపు ఒక లాటు 5 టన్నులు, అంటే 50 క్వింటాళ్లు. సరుకు అప్పగించే కేంద్రం మన నిజామాబాదే.

ఇది దొంగ వ్యాపారం అని నేను అనను. పొలంలో పసుపున్న రైతు ఇవ్వాళ 14,000కు ఫ్యూచర్స్‌లో అమ్మి పెట్టుకున్నాడనుకోండి. తవ్వే నాటికి ధర 12,000 అయితే యార్డులో క్వింటాకు 2,000 పోతది, ఇక్కడ దాదాపు అంతే వస్తది. ధర భయం తీర్చడానికి పుట్టిన పద్ధతి ఇది. పసుపు కొనే మిల్లు వాళ్లకూ ఇంతే.

మరి పసుపూ లేని, మిల్లూ లేని నీకు ఇందులో ఏం పని? నీకు తీర్చుకోవాల్సిన భయమే లేదు. పైసలిచ్చి కొత్త భయం కొనుక్కుంటున్నావు.

లెక్క చూడు. 14,000 చొప్పున లాటు విలువ 7 లక్షలు. మార్జిన్ 10 శాతం అనుకుంటే 70,000 కడితే చాలు. "70 వేలకే 7 లక్షల సరుకు" అని ఊరిస్తారు. క్వింటాకు 500 తగ్గితే 25,000 పోయినట్టే. 1,400 తగ్గితే నీ 70,000 మొత్తం మాయం. ఇంట్లో సరుకున్నోడికి పోయింది పదో వంతు, నీకు పోయింది పదికి పది. అదీ పంటకాలం ఆగి కాదు, ఏ రోజు నష్టం ఆ రోజే ఖాతాలోంచి కోస్తారు. తక్కువైతే మళ్లీ కట్టాలి, లేకుంటే వాళ్లే నీ ఒప్పందం తెంపేస్తారు. మర్నాడు ధర పెరిగినా నీకు దక్కదు.

షేర్ల ఫ్యూచర్స్, ఆప్షన్ల మీద సెబీ 2024లో లెక్క తీసింది. మూడేళ్లలో చిన్న మదుపరుల్లో 93 శాతం మంది నష్టపోయారు. ఖర్చులతో కలిపి తలకు సగటున సుమారు 2 లక్షలు. మొత్తం 1.8 లక్షల కోట్ల పైమాటే. 2023-24లో ఆడినోళ్లలో నలుగురిలో ముగ్గురికి పైగా ఏడాదికి 5 లక్షల లోపు ఆదాయం వాళ్లే. అదే ఏడాది లాభాలు దండుకున్నది కంప్యూటర్లతో ఆడే పెద్ద సంస్థలు, విదేశీ ఫండ్లు. నీ అవతల కూర్చున్నది ఎవరో ఇప్పుడు అర్థమైందా?

"వ్యవసాయం మాత్రం జూదం కాదా అన్నా?" అని అడుగుతారు. వాన, ధర మన చేతిలో లేవు, నిజమే. కానీ నేను తొమ్మిది నెలలు కష్టపడితే లోకంలోకి కొత్తగా పసుపు వస్తది. ధర పడితే కోల్డ్ స్టోరేజీలో పెట్టి ఆగుతా. ఫ్యూచర్స్‌లో కొత్తగా ఏదీ పుట్టదు. ఒకడి జేబులోది ఇంకొకడి జేబులోకి పోతది, మధ్యలో బ్రోకరేజీ, పన్ను రెండువైపులా కోస్తయి.

నిజంగా రైతు బాగు కోరేటోళ్లయితే రైతు ఉత్పత్తిదారుల సంఘాలకు ఈ విద్య నేర్పమనండి. ఎకరాకు పాతిక క్వింటాళ్లు పండినా ఒక లాటుకు రెండెకరాల పంట కావాలి. ధర పెరిగితే, పంట ఇంకా భూమిలో ఉండగానే మార్జిన్ కట్టాలి. అది ఒక్క రైతు తట్టుకునే పని కాదు, సంఘం చేయాలి. అక్కడికి ఈ కోర్సులోళ్లు రారు. ఎందుకంటే వాళ్లు అమ్మేది ధర రక్షణ కాదు, నీ ఆశ.

పంట పైసలతో ముందు బ్యాంకు అప్పు తీర్చు, విత్తనానికి పక్కన పెట్టు. ఖాతా తెరవాలనిపిస్తే ఒక్క ప్రశ్న వేసుకో: గడువు రోజున 50 క్వింటాళ్లు అప్పగించగలనా, లేదా పైసలు కట్టి తీసుకోగలనా? రెండూ కాదంటే ఆ యాప్ నీకు కాదు.