కళ్ళం దాటని కష్టఫలం

రాయలసీమ రైతుకు కరవు కొత్త కాదు. కరవును తట్టుకొని చేతికందిన వేరుశనగ కళ్ళంలోనే చెడిపోవడం మరింత శోచనీయం. అనంతపురం ప్రాంతంలో ఖరీఫ్ పంటను పెరికే సమయానికి ఈశాన్య రుతుపవనాల వానలు ముంచుకొస్తాయి. పెరికిన కాయలో సుమారు 40 శాతం తేమ ఉంటుంది. నిలువ ఉంచాలంటే అది 9 శాతానికి మించరాదు. చిన్న రైతుకు గిడ్డంగి లేదు, టార్పాలిన్ లేదు; అప్పులవాడు ఆగడు. పచ్చికాయ అమ్మితే తేమ పేరిట ధరలో కోత. వామి వేస్తే వానకు బూజు.

ఆ బూజు సామాన్యమైనది కాదు. 1960లో ఇంగ్లండులో వేరుశనగ చెక్క కలిసిన దాణా తిని లక్షకు పైగా టర్కీ కోళ్ళు చనిపోయాయి. దానిపై జరిగిన పరిశోధనలో అఫ్లాటాక్సిన్ అనే విషం బయటపడింది. వండినంత మాత్రాన అది నశించదు. చెక్క తిన్న పశువుల పాలలోకీ చేరుతుంది. మంచికాయ అమ్మి, తాలునూ పుచ్చునూ ఇంటికి మిగుల్చుకొనే నిరుపేదకే ముప్పు అధికం.

దిగుబడి పెంచమనే బోధలు చాలా విన్నాం. పండినదానిని కాపాడడమూ దిగుబడియే అని మా అభిప్రాయం. పెరికిన మొక్కలను కాయలు పైకి ఉండేటట్లు తిరగవేసి ఆరబెట్టడానికి పెట్టుబడి అక్కరలేదు. ఊపితే గింజ గలగలలాడాలి. అదే ఆరినదనడానికి గుర్తు. సెలవులకు ఊళ్ళకు వెళ్ళే విద్యార్థి సోదరసోదరీమణులు ఈ సంగతులు తెలుగులోనూ ఉర్దూలోనూ ఇంటింటా చెప్పగలరు. పాలకవర్గంవారు తేమను కొలిచే యంత్రమొకటి కొని జాతీయ సేవా పథకం శిబిరాలకు ఇవ్వవలెనని మా విన్నపం. అప్పుడు కాయ తేమను గూర్చి వర్తకుని మాట ఒక్కటే ప్రమాణం కాజాలదు.