పాలపండ్లు

ఊడిపోవు పాలపండ్లకు ఇంత శ్రద్ధ యేల యని మేమును ఒకప్పుడు తలచితిమి. పిల్లవాడు మారాము చేసినప్పుడెల్ల బెల్లపుముక్క నిచ్చితిమి. పడుకొనబోవునప్పుడు పంచదారపాలు పట్టితిమి. 5వ యేట వాని దవడ వాచినది. మూడు రాత్రులు మా యొడిలోనే యేడ్చెను. వైద్యుడు రెండు దవడపండ్లను తీసివేసెను. అవి 10, 12 ఏండ్ల దాక నుండి, రాబోవు పండ్లకు చోటు కాపాడవలసినవట!

సోదరీమణులారా! తీపి తగిలినప్పుడెల్ల నోటిలోని సూక్ష్మజీవులు ఆమ్లమును పుట్టించి పంటి పింగాణిపొరను కరగించును. ఉమ్మి దానిని సరిచేయుటకు అరగంటకు పైగా పట్టును. నిద్రలో ఉమ్మియే తగ్గును. కావున తీపి యెంత యనుటకంటె ఎన్నిమారు లనునదే ముఖ్యము. అరిసెయైనను భోజనముతోనే పెట్టుడు. రాత్రి ఫ్లోరైడు పేస్టుతో తోమిన పిదప మంచినీరు దక్క మరేమియు వలదు. బొగ్గుపొడి, ఇటుకపొడి పింగాణిని అరగదీయును. ఈ మాట మా అత్తగారికి రుచింపలేదు. చిన్నదాని పండ్లు మాత్రము మేమే తోముచున్నాము.