తేనెపిట్టా, గబ్బిలమూ

అమలాపురంలో మా ఇంటి వసారా దీపం వైరుకు తేనెపిట్ట గూడు కట్టి పదిరోజులైంది. గడ్డి, పీచు, సాలెపట్టు కలిపి అల్లిన చిన్న సంచి. అది బెదిరిపోతుందని మా ఆవిడ ఆ దీపం వెయ్యనివ్వడం లేదు. చీకట్లో చెప్పులు వెతుక్కోవడం నా వంతు.

నిన్న సందెవేళ ఆ వసారాలోనే పక్కింటి పెద్దమనిషి ఒక అర్జీ రాసిపెట్టమన్నారు. తెలుగు చెప్పుకొని బతికేవాడికి ఈ అర్జీల బెడద తప్పదు! కాలవగట్టు మీది మర్రిచెట్టు కొట్టించాలట. దాన్నిండా పెద్ద గబ్బిలాలు.

"అరిష్టం మాస్టారూ! పైగా రోగాలు" అన్నారు.

రోగం మాట తోసిపుచ్చలేను. 2018లో కేరళలో నిపా ప్రబలినప్పుడు ఆ వైరస్ ఈ జాతి గబ్బిలాల్లో ఉన్నట్టు తేలింది. అవి కొరికిన పండు తినకూడదు. కల్లుముంతకు మూత కట్టాలి. అరిష్టమంటే మాత్రం ఒప్పుకోను. 1941లో జాషువాగారు గుడిలోకి రానివ్వని మనిషి మొరను కాశీ విశ్వనాథుడికి పంపింది గబ్బిలం చేతనే. (గుడి గబ్బిలం వేరు, చెట్టు గబ్బిలం వేరు. అపకీర్తి మాత్రం ఉమ్మడి.)

తేనెపిట్ట పదిగ్రాములు తూగదు. ఈ గబ్బిలాల్లో కిలో దాటేవున్నాయి. రెక్కలు చాస్తే నాలుగడుగులు. పిట్టవి ఈకలు, దీనిది చేతివేళ్ళ మధ్య సాగిన చర్మం. పిట్ట గుడ్లు పొదుగుతుంది. గబ్బిలం సాధారణంగా ఏడాదికొక్క పిల్లను కని, పాలిచ్చి, రొమ్ముకు కరిపించుకొని ఎగురుతుంది. దానికి పాట రాదు, అదే దాని నేరం.

తేనె మాత్రం ఇద్దరికీ కావాలి. తెల్లబూరుగు పువ్వు పొద్దుగూకాక విచ్చుతుంది. అప్పటికి పిట్ట గూట్లో ఉంటుంది. గబ్బిలాలే మూతినిండా పుప్పొడి పులుముకొని చెట్టునుంచి చెట్టుకు తిరుగుతాయి. కాయ పడేది ఎక్కువగా వాటి పుణ్యమే. ఈ పెద్దమనిషి బూరుగుదూది పరుపు మీద తప్ప పడుకోరు!

1972 నాటి వన్యప్రాణి చట్టం వీటిని కాకులతో, ఎలుకలతో కలిపి హానికర జంతువుల పట్టికలో వేసింది. 2022 సవరణలో ఆ పట్టికనే ఎత్తేశారు. ఆ మాటా చెప్పాను.

"అయితే రాయరన్నమాట."

"కల్లుముంతలకు మూతలు వేయించమని రాస్తాను."

ఆయన తెల్లకాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. మెట్ల దగ్గర కాలితో తడుముకుంటూ, "చెప్పులు కనబడ్డం లేదు, దీపం వెయ్యండి మాస్టారూ" అన్నారు.

"వద్దు అన్నయ్యగారూ, పిట్ట పొదుగుతోంది" అంది లోపల్నుంచి మా ఆవిడ.