నింద బిళ్లది, నేరం పోటుది

"బీపీ బిళ్ల మొదలుపెట్టావంటే చచ్చేదాకా మింగాల్సిందే. పైగా కిడ్నీలు పోతాయి." అరుగుల మీద, పెళ్లి భోజనాల దగ్గర, చుట్టాల వాట్సాప్ గ్రూపుల్లో ఈ మాట తిరుగుతూనే ఉంటుంది. చదువుకున్నవాళ్లూ అంటున్నారు. పోటు 170/100 ఉన్న మనిషి అది నమ్మి, డాక్టరు రాసిన చీటీ మడిచి జేబులో పెట్టేసుకుంటాడు. నొప్పి లేదు, తల తిరగడం లేదు, ఇంక బిళ్లెందుకు అనుకుంటాడు. మేలు కోరి చెప్పే ఈ మాట మనుషుల్ని మంచాన పడేస్తోంది.

అలవాటైన మందు మానేస్తే ఒళ్లు దానికోసం పీకుతుంది. బీపీ బిళ్ల అయిన ఆమ్లోడిపిన్‌కు ఆ గుణం లేదు. రక్తనాళాల గోడల్లోని కండరాన్ని అది సడలిస్తుంది, అంతే. మానేసిన కొద్దిరోజులకు ఆ పని ఆగిపోయి పోటు మళ్లీ పాత అంకెకు చేరుతుంది. కళ్లజోడు తీస్తే అక్షరాలు మసకబారినట్టే. పోనీ, చచ్చేదాకా అన్నదైనా అందరికీ నిజమా? బరువు తగ్గి, ఉప్పు తగ్గించినవాళ్లలో కొందరికి డాక్టర్లే మోతాదు తగ్గిస్తారు, ఒక్కోసారి మాన్పిస్తారు కూడా. (సైంధవ లవణమూ ఉప్పే. దానికి మారితే తగ్గించినట్టు కాదు.)

కిడ్నీల భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. డయాలసిస్‌కు తిరిగే మనిషిని చూసినవాళ్లకు ఆ భయం ఉంటుంది. కానీ కిడ్నీల్లోని సన్నటి నాళాలను ఏళ్ల తరబడి దెబ్బతీసేది అదుపులేని పోటు. మూత్రంలో ప్రొటీన్ పోతున్నవారికి టెల్మిసార్టాన్, ఎనలాప్రిల్ లాంటి బీపీ బిళ్లలు ఇచ్చేదే కిడ్నీలను కాపాడటానికి. మొదట్లో రక్తంలో కిడ్నీల పనితీరును తెలిపే క్రియాటినిన్ కాస్త పెరగవచ్చు, అందుకే ఒకటి రెండు వారాల్లో రక్తపరీక్ష చేయించాలి. ఆ ముక్క చెప్పకుండా చీటీ రాసి పంపే డాక్టర్లు ఈ పుకారుకు తామే ఊపిరి పోస్తున్నారు.

నాకు ఒళ్లు మండేది మరొకటుంది. బీపీ బిళ్లకు భయపడే మనిషే మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ అడిగి కొనుక్కుని నెలల తరబడి మింగుతాడు. పోటు పెంచేదీ, కిడ్నీలకు నిజంగా ముప్పు తెచ్చేదీ అలాంటి నొప్పి బిళ్లలే. వాటి గురించి ఒక్కరూ హెచ్చరించరు.

బిళ్ల వేసుకోకపోతే ఏమవుతుందో 1967లోనే తేలింది. అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రుల్లో బీపీలో కింది అంకె 115 నుంచి 129 దాకా ఉన్న 143 మంది మగవాళ్లను తీసుకుని, దాదాపు సగం మందికి మందులు, మిగతావాళ్లకు ఉత్తుత్తి బిళ్లలు ఇచ్చారు. ఉత్తుత్తి బిళ్లలవైపు 27 తీవ్రమైన ఆరోగ్య ప్రమాదాలు, మందులవైపు 2. అటు నలుగురు పోయారు, ఇటు ఒక్కరూ పోలేదు. ఆ మందుల్లో ఒకటైన రెసర్పిన్ మన సర్పగంధి వేరులోదే.

ఈనాటి మందులు అంతకంటే సుఖమైనవి. అయినా ఆమ్లోడిపిన్‌తో కొందరికి పాదాలు వాస్తాయి, ఎనలాప్రిల్‌తో పొడిదగ్గు వస్తుంది. వస్తే వేరే బిళ్ల రాయించుకోవచ్చు, చాలా రకాలున్నాయి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డబ్బు తీసుకోకుండానే ఇస్తారు.